మా చిన్నత్త సర్దిన సీసా

పొద్దున మంగళూరు సముద్రం ఒడ్డు నించి నా పాత స్టూడెంటు ఒకమ్మాయి ఫోటో పంపింది. ఉడికిన సేమ్యా కుప్ప పోసినట్లు, గాజు మాదిరి మెరిసే కుచ్చు. ఇది నాచేనా మేడం అని అడిగింది. తొందరపడొద్దు, కాడ మీద ఏమేమి కూర్చునుండాయో లెన్సు పెట్టి చూడు అని రాసినాను. రాసినానే గాని, మనసు కేజీఎఫ్ బంగారు గనుల ఊళ్లో నేను చదివిన కాలేజీ ల్యాబుకు పోయింది.

అక్కడ మా చిన్నత్త అటెండరు. ఆ ఊళ్లోనే కోరమండల్ అనే పేటలో, గనివాళ్ల లైను ఇంట్లో మాతోనే ఉండేది. చదివింది ఏడో క్లాసే అయినా, సముద్రపు ప్రాణులను దాచిపెట్టిన సీసాలు తుడిచి తుడిచి, ఏది జంతువో ఏది నాచో లెక్చరర్ల కంటే ముందే చెప్పేది. సముద్రం మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఆ సీసాల్లో పోసే ఫార్మలిన్ మందు వాసనకు చర్చిలో ఆమె పక్క చోటు ఎప్పుడూ ఖాళీనే. అన్నేళ్లు చేసినా ఆమెది టెంపరరీ ఉద్యోగమే.

నా డిగ్రీ ఆఖరు ప్రాక్టికల్స్ రోజు, బెంగళూరు నించి వచ్చిన ఎగ్జామినరు, మేము గుర్తుపట్టి పేరు రాయాల్సిన వాటిలో నాలుగో నంబరు సీసా ఎత్తి చూసినాడు. లేబులు ఎప్పుడో ఊడిపోయుండాది.

"జువాలజీ పరీక్షలో నాచు పెట్టినారే. ఎవరు సర్దింది?"

చిన్నత్త ముందుకొచ్చి, అది ప్రాణే సార్ అని మెల్లగా చెప్పింది. ఆయన వినలేదు. ఆమె మీద ప్రిన్సిపాలుకు రాసిస్తానని కాగితం తెమ్మన్నాడు. మా లెక్చరరు కిటికీ తట్టు చూస్తా ఉండిపోయినాడు.

ఆ సీసాలోని ముక్కను నేను అప్పటికే మైక్రోస్కోపు కింద చూసినాను. అది బ్రయోజోవా. నాచు మాదిరి కనిపించే చిన్న ప్రాణుల కాపురం, సున్నపు పెంకు లేని మెత్తటి రకం. కాడ పొడుగునా చిన్న చిన్న సంచులు, బస్సు సీట్ల మాదిరి రెండు వరసల్లో. ఒక్కో సంచీ ఒక్కో ప్రాణి. లేచి చెప్తే, అత్తే నాకు జవాబు ముందుగా చెప్పిందంటారు. ఆమె ఉద్యోగమూ నా పరీక్షా రెండూ పోతాయి. స్టూలు మీదే కూర్చున్నాను. కాగితం వచ్చింది. ఆయన పెన్ను మూత తీసినాడు. అప్పుడు లేచినాను.

"సార్, ఒకసారి చూడండి. నాచుకు కడుపు ఉండదు గదా."

ఆయన మైక్రోస్కోపు మీదికి వంగి చానాసేపు చూసినాడు. సంచుల లోపల మడిచిన పేగు నల్లగా కనిపిస్తా ఉండాది. దాని పేరేమని అడిగినాడు. వరసలను బట్టి అమాథియా జాతి అనుకుంటాను, ఖాయంగా చెప్పలేనన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చిన్నత్తతో ఒక్క మాటా అనలేదు. జవాబు అందరి ముందరా చెప్పేసినానని నాలుగో నంబరుకు నాకు సున్నా వేసినాడు.

సాయంత్రం ఇద్దరమూ నడిచి ఇంటికి పోతా ఉన్నాము. "నా కోసరం మార్కులు పోగొట్టుకుంటివి గదమ్మా" అనింది చిన్నత్త. ఇంకా ముందే లేవాల్సింది అత్తా అని చెప్పలేకపోయినాను.

ఆమె పోయి చానా ఏండ్లయింది. నేను నోరు మూసుకొని కూర్చున్న ఆ కాసేపు మాత్రం ఇంకా గడిచిపోలేదు.