తోటకూర మచ్చ, కుండ నీళ్లు

తోటకూర ఆకు వెనక తెల్లటి పొక్కులు కనిపిస్తే చాలు, నా ప్రాణం జగ్గయ్యపేట వెళ్లిపోతుంది. మొన్న నందిగామ మార్కెట్లో కూరలమ్మే ఆమె, "మచ్చ కూరెందుకమ్మా, మంచిదిస్తా" అంది. "నాకదే కావాలి" అన్నాను. వింతగా చూసింది. చూడనీ.

సుగుణ మేడం జగ్గయ్యపేట కాలేజీలో మాకు బోటనీ చెప్పేవారు. ఇంటర్ మొదటి ఏడాది నేను ఆ సబ్జెక్టే తప్పాను. మా నాన్న వత్సవాయిలో ఆకుకూరలు పండించేవాడు. కోపమొస్తే నన్ను "బూజు పట్టిన బుర్ర" అనేవాడు. జూన్‌లో కాలేజీ తెరవగానే టీసీ తీసుకుని నన్ను కూలికి పంపాలని వచ్చాడు. చదువు పోతుందని నాకు ఏడుపొకటే తక్కువ.

అప్పుడు నేను ల్యాబ్‌లో మా చేలోని ఆకు పొక్కు గీకి, ఆ తెల్లపొడిని నీళ్లలో వేసి మైక్రోస్కోపులో చూస్తున్నాను. గుండ్రటి సంచులు, ఆ బూజు బీజాలుండే సిద్ధబీజాశయాలు. ఒక్కటీ కదలదు.

"ఏ నీళ్లు పోశావే?" అన్నారు మేడం.

"ట్యాంకు నీళ్లండి."

"ఈ ఎండకి అవి కాగుతుంటాయి. కుండ నీళ్లు తే."

మళ్లీ కలిపి, ఆ గాజుపలకను కుండ పక్కన తడిగుడ్డ మీద పెట్టారు. ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డ నాన్నకు మజ్జిగ ఇచ్చి, "కూర్చోండి అన్నయ్యగారూ, చూసి వెళ్దురుగాని" అన్నారు.

"బస్సు పోద్దండి."

"ఇంకోటొస్తుంది."

చాలాసేపటికి పిలిచారు. ఇందాక నునుపుగా ఉన్న సంచి లోపల సన్నటి గీతలు పడ్డాయి. ఉన్నదంతా ముక్కలు ముక్కలుగా విడిపోయింది. కొన్నిటి కొస తెరుచుకుని, తోకలున్న చిన్న చిన్న బీజాలు బయటికొచ్చి ఈదుతున్నాయి. నాన్న ఒక కన్ను మూసుకుని వంగి చూశాడు.

"ఇందాక చచ్చినట్టున్నాయి గదమ్మా ఇయ్యి."

"చావలేదండి. లోపల వాటి పని అవి చేసుకుంటున్నాయి. నీళ్లు చల్లగా ఉండాలంతే."

నాన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. నా వైపు చూడకుండా, "మా ఇంట్లో నేనే కాస్త వేడండి" అన్నాడు. టీసీ మాట మళ్లీ ఎత్తలేదు. తర్వాతి బస్సుకి ఒక్కడే వెళ్లాడు.

మేడం ఇప్పుడు లేరు. ఆవిడ ఉంటే బాగుండునని అనిపించని రోజు లేదు. నేను నందిగామలో అదే బోటనీ చెబుతున్నాను. ల్యాబ్‌లో ఫ్రిజ్ ఉన్నా, మూలన ఒక కుండ పెట్టించాను. పిల్లలెవరైనా జవాబు రాక నిలబడితే నాకూ కోపం వస్తుంది, అబద్ధమెందుకు. నాన్న కూతుర్ని కదా. ముందు వెళ్లి ఆ కుండలో నీళ్లు గ్లాసుడు తాగుతాను. తర్వాతే నోరు విప్పుతాను.