ఆపమన్న చోట ఆగడానికి

వ్యాను వయసు నలభై దాటింది. హనుమకొండ నుంచి ములుగు పోయే రోడ్డు మీద ఒక మెకానిక్ దాన్ని అద్దెకిస్తున్నాడని విని చూడటానికి వెళ్లాను. ఒకప్పుడు బేకరీకి రొట్టెలు మోసిన బండి. అతను దాని వెనుకభాగంలో ఇద్దరు పడుకునేంత చెక్కబల్ల వేసి, ఒక పక్కన చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు, దానికి స్టీలు నల్లా బిగించాడు. కిటికీలకు పూల పరదాలు కట్టాడు. ఇంజను ముందు సీట్ల మధ్యలోనే, ఒక రేకు మూత కింద ఉంది.

"అన్నా, ఇది బండి గాదు, ముసలామె," అన్నాడు మూత మీద చెయ్యి వేసి. "స్పీడు నలభై దాటనియ్యకు. ముప్పై కిలోమీటర్లకు ఒక్కపారి ఆపు, జర సల్లారనియ్యి, నీళ్లు పొయ్యి. తొందరున్నోళ్లకు నేను ఇయ్యనే ఇయ్య."

"నాకేం తొందర లేదు," అన్నాను.

"మంచిది. ఎవలెవలు పోతాన్రు?"

"నేను, నా భార్య. మేడారం దాకా."

"వదినె ఒప్పుకున్నదా ఈ డబ్బల వచ్చెతందుకు?"

ఒప్పుకుంది అన్నాను. అప్పటికి ఆమెకు ఆ మాటే చెప్పలేదు.

ఇంటికి వచ్చి చెబితే ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తకుండా అంది. "బస్సుల పోదాం. బస్సులయితే చెయ్యెత్తి అడిగితే ఆపుతరు."

ఆ మాట నాకు కొత్త కాదు. నా పక్కన కూర్చుని ప్రయాణం చేయడం ఆమె మానేసి చాలా ఏళ్లయింది. నేను కారు తీస్తే ఏదో ఒక పని చెప్పి ఆగిపోయేది. తప్పనిసరై ఎక్కితే గమ్యం వచ్చేదాకా నోరు తెరిచేది కాదు. దాహమైనా, తల తిరిగినా, కాళ్లు పట్టేసినా ఆపమని అడిగేది కాదు. మొదట్లో అది నాకు సుఖంగానే ఉండేది. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

నాకు వరంగల్‌లో జంపఖానాల దుకాణం ఉండేది. నా భార్య తల్లి, మా అత్తమ్మ, అక్కడే కాశిబుగ్గలో ఉండేది. ఆమె మగ్గం మీద నేసిన జంపఖానాలే మొదట్లో నా దుకాణంలో అమ్మాను. చేతుల నిండా పని తెలిసిన మనిషి, నోట్లో మాట తక్కువ. ఒకసారి మేడారం జాతరకు ఆమెను, నా భార్యను కారులో తీసుకెళ్లాను. సాయంత్రానికల్లా తిరిగొచ్చి దుకాణం తెరవాలని నా పట్టుదల. మా దగ్గర మేడారం పోయే ఏ బండి అయినా ములుగు ఊరికి ముందే గట్టమ్మ తల్లి గుడి దగ్గర ఆగుతుంది. ముందు ఆమెకు కొబ్బరికాయ కొట్టి, వస్తున్నామని చెప్పి, ఆ తర్వాతే మేడారంలో కొలువైన ఇద్దరు అమ్మల దగ్గరికి పోవాలి. ఎడ్లబండ్ల కాలంలోనూ అంతే, ఇప్పుడూ అంతే.

అత్తమ్మ హనుమకొండ దాటినప్పటి నుంచి నా భార్య పక్కన కొబ్బరికాయ ఒడిలో పెట్టుకుని కూర్చుంది. గుడి కనబడగానే వెనక సీటులోంచి, "బిడ్డా, జర ఆపుతవా?" అంది. రోడ్డు పక్కన బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఆగితే గంట పోతుంది.

"వచ్చేటప్పుడు ఆగుదాం అత్తమ్మా," అన్నాను. బండి ఆపలేదు.

జాతర రోజుల్లో పోయే దారి వేరు, వచ్చే దారి వేరు. సొంత బండ్లన్నిటినీ తిరుగుప్రయాణంలో భూపాలపల్లి మీదుగా, పరకాల దారిన పంపేస్తారు. వరంగల్‌లో పుట్టి పెరిగిన నాకు ఇది తెలియని సంగతి కాదు. వచ్చేటప్పుడు గట్టమ్మ దగ్గరికి రాలేమని తెలిసే ఆ మాట అన్నాను. ఆమె మాత్రం "సరే బిడ్డా" అంది. తర్వాతి జాతరకు అత్తమ్మ లేదు. నా భార్య దాని గురించి ఒక్క మాటా అనలేదు. నన్ను ఏదీ ఆపమని అడగడం మాత్రం మానేసింది.

ఇప్పుడు దుకాణం లేదు. వ్యాను అద్దెకు తీసుకోవడం వెనక నా కోరిక మేడారం చూడటం కాదు. ఆమె నోటి నుంచి మళ్లీ ఒక్కసారి "ఆపు" అనే మాట వినాలి. అంతే.

ఆగుతూ ఆగుతూ తప్ప పోని బండి అని చెప్పి ఆమెను ఎలాగో ఒప్పించాను. తెల్లారి వ్యాను గుమ్మం ముందు నిలబెడితే ఆమె చుట్టూ తిరిగి చూసింది. నల్లా తిప్పింది. నీళ్లు వచ్చేసరికి ఆమె ముఖంలో నవ్వు లాంటిది కదిలింది. "గిన్నెలు గిట్ల కడగచ్చు," అంది. లోపలికి వెళ్లి ఒక సంచి, మడత పెట్టిన పాత జంపఖానా తెచ్చి చెక్కబల్ల మీద పరిచింది. ఎరుపు, నలుపు చారలు. అత్తమ్మ నేసినది. నేను చూసి తల తిప్పుకున్నాను.

ఆరెపల్లి దాటకముందే నా తెలివితక్కువతనం మొదలైంది. "ఛాయ్ తాగుదామా? ఆపాలా?" "పుచ్చకాయలున్నయి, ఆపాలా?" "నీళ్లు కావాలా, ఆపనా?"

నాలుగోసారికి ఆమెకు చిరాకొచ్చింది. "ఏందయ్య నీ లొల్లి? ఆటోవాని లెక్క ప్రతి చెట్టు కాడ అడుగుతానవ్. పోనియ్యరాదు!"

నోరు మూసుకున్నాను. అయితే ముసలామె మూసుకోలేదు. మల్లంపల్లి దగ్గర ఇంజను మూత సందుల్లోంచి ఆవిరి లేచింది. రోడ్డు పక్కకు తీసి ఆపాను. మేమిద్దరం దిగి ఒక వేపచెట్టు నీడలో రాయి మీద కూర్చున్నాం. ఇంజను చల్లారేదాకా చేసేది ఏమీ లేదు. ఇన్నేళ్లలో మేం ఏ పనీ లేకుండా పక్కపక్కన అంతసేపు కూర్చున్నది నాకు గుర్తు లేదు.

చెప్పాలనుకున్న మాట అక్కడ చెప్పాను.

"ఆ రోజు అత్తమ్మ ఆపమంటే వచ్చేటప్పుడు ఆగుదామన్న కదా. ఆ దారిన రానియ్యరని నాకు తెలుసు. తెలిసే అన్న."

ఆమె చీర కొంగుతో మెడ తుడుచుకుంది.

"మాకు తెల్వదనుకున్నవా?" అంది. "మేం గీ దిక్కోళ్లం గాదా? అమ్మకు గూడ తెలుసు."

"మరి సరే బిడ్డా అన్నది?"

"నేను లొల్లి చేద్దామని నోరు తెరిస్తే నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. 'ఊకో, అల్లుడు చిన్నబుచ్చుకుంటడు' అన్నది. కిటికీల నుంచే దండం పెట్టుకున్నది."

ఆ రోజు స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్న నా వెనక ఆ రెండు చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. నాకది తెలియనే లేదు.

"ఆ కొబ్బరికాయ ఏమైంది?" అని అడిగాను.

"ఏమైతది? అమ్మల కాడికి వేరే కాయలు తెచ్చినం కదా. గది గట్టమ్మది. ఇంటికి తెచ్చి అమ్మ చట్నీ చేసింది. తల్లి కాడికి పోని కాయ వట్టి కాయనే అన్నది. నువ్వే రెండుసార్లు ఏసుకొని తిన్నవ్, మస్తున్నదని."

ఆమె నవ్వింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నా కళ్లు చూసి, "గిప్పుడేడ్వకు, నీళ్లు ఇంజన్‌ల పొయ్యాలె," అంది సీసా అందిస్తూ.

జాకారం దాటాక గట్టమ్మ గుడి వచ్చింది. అక్కడ ఆపాలా అని అడగలేదు. ఆపాను. జాతర రోజులు కావు, జనం పలచగా ఉన్నారు. ఆమె సంచిలోంచి రెండు కొబ్బరికాయలు తీసింది. ఒకటి నా చేతికిచ్చింది.

"ఇది మా అమ్మది. నువ్వు కొట్టు," అంది.

కొట్టాను. మొదటి దెబ్బకు పగల్లేదు. రెండో దెబ్బకు రెండు చెక్కలై నీళ్లు నా పాదాల మీద పడ్డాయి. క్షమించమని ఎవరిని అడగాలో తెలియక ఊరికే నిలబడ్డాను. ఆమె వచ్చి నా నుదుటన కుంకుమ పెట్టి, "నడువ్," అంది.

అయినా నా కోరిక తీరలేదు. గట్టమ్మ దగ్గర అందరూ ఆగుతారు. అది ఆమె అడిగి ఆపించింది కాదు. ములుగు దాటాం. పస్రా దాటాం. అడవి రోడ్డుకు దగ్గరగా జరిగింది. ముప్పై అయిదు మీద వ్యాను మూలుగుతూ పోతోంది. ఆమె కిటికీ పరదా పక్కకు నెట్టి, చెయ్యి బయట పెట్టి గాలిని చూస్తోంది. నేను అడగకూడదని పళ్లు బిగబట్టి నడుపుతున్నాను.

తాడ్వాయికి ఇంకా కొంత దూరం ఉందనగా ఆమె ఉన్నట్టుండి అంది.

"జర ఆపయ్యా."

బ్రేకు మీద కాలు వేశాను. ముసలామె ఒక్కసారిగా వినదు. ఈడ్చుకుంటూ, కిరకిరమంటూ, యాభై గజాలు ముందుకు పోయి ఆగింది.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. నా వైపు చూసింది. "ఇప్పటికి గూడ ఆపుమన్న కాడ ఆపుతలేవు కదయ్యా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ చోట ఏముందో నేను అడగలేదు. ఇప్పపూలు రాలాయో, నీడ బాగుందో, ఊరికే కాసేపు కూర్చోవాలనిపించిందో. వెనక ఏ బండీ లేదు. రివర్సు గేరు పడటానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. పడ్డాక వ్యాను వంకర టింకరగా వెనక్కి కదిలింది. ఆమె కిటికీలోంచి సగం బయటికి వంగి, అరచేత్తో తలుపు రేకు మీద కొడుతూ దారి చెబుతోంది.

"రానియ్యి... రానియ్యి... ఇంక జర... ఇంక జర రానియ్యి..."

నేను అద్దంలో ఆమెను మాత్రమే చూస్తూ వెనక్కి వస్తున్నాను.

"ఆఁ, గీడనే. ఆపు."