సింహాద్రి గారు ఇంగ్లీషు చెప్పిన ఆదివారం

రాజ్యాల తలరాతలు యుద్ధాల వల్లనే మారతాయని చరిత్రకారులు రాసుకున్నారు. వాళ్ళలో ఒక్కరూ భిలాయి సెక్టారు క్వార్టర్లలో కాపురం ఉన్నవాళ్ళు కాదు. ఉండి ఉంటే సింహాద్రి గారి అలవాటుకి కనీసం ఒక అధ్యాయమైనా కేటాయించేవారు. ఎవరేం చెప్పినా ఆ మాటనే గట్టిగా తిరిగి చెప్పడం, అదీ ఆ అలవాటు.

దాని పుట్టుక స్టీలు ప్లాంటులో. రైలు పట్టాలు చేసే మిల్లులో ఆయన ఉద్యోగమంతా క్రేను మీదనే గడిచింది. ఆ హోరులో కిందనున్నవాడు "హుక్కు దింపు!" అని అరిస్తే, పైనున్నవాడు కూడా "హుక్కు దింపు!" అని అరవాలి. అరిచాడంటే విన్నాడని, ఒప్పుకున్నాడని, ఆ పని ఇక వాడి నెత్తినేనని లెక్క. అరిచి చెయ్యనివాడికి తోటివాళ్ళలో మొహం చెల్లదు.

రిటైరయ్యాక క్రేను ప్లాంటులో ఉండిపోయింది గానీ, అలవాటు ఆయన వెంట ఇంటికొచ్చేసింది. భార్య గున్నమ్మ "పాలు తెండి" అంటే, "పాలు తెండి!" అంటారు.

"ఓలమ్మ! మళ్ళీ నన్నే తెమ్మంటారేటి?" అని ఆవిడ ఏ రోజుకారోజు కొత్తగా విస్తుపోతుంది.

ఇంతవరకూ ఇది ఇంటి గొడవే. చరిత్రలోకి ఎక్కింది మాత్రం వైశాలి నగర్లో తెలుగు సంఘం మీటింగు జరిగిన సాయంత్రం. కార్యదర్శి రామమోహనరావు గారు అదే మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి దిగినాయన. ఇంగ్లీషులో ఒకేలా వినబడి వేరే వేరే అర్థాలిచ్చే మాటలు బోలెడున్నాయనీ, వాటి మధ్య మన పిల్లలు నలిగిపోతున్నారనీ చాలాసేపు బాధపడి, "ఎవరో ఒకరు ఆదివారం వాళ్ళకి క్లాసు చెప్పాలి!" అని ముగించారు.

సింహాద్రి గారు ఫ్యాను కింద కునుకు తీస్తున్నారు. చివరి ముక్క చెవిలో పడింది.

"ఆదివారం వాళ్ళకి క్లాసు చెప్పాలి!" అన్నారు, కళ్ళయినా తెరవకుండా.

హాలంతా చప్పట్లు. వాటికి మెలకువ వచ్చింది.

"నాను ఊరికే అన్నాను బావూ" అన్నారు, సంగతి తెలిశాక.

"ఊరికే అనడమేటి సింహాద్రీ? మన మిల్లులో ఎవడైనా ఎప్పుడైనా ఊరికే అన్నాడా?"

రామమోహనరావు గారు ఆ మాట అన్నాక సింహాద్రి గారు లేచి చెప్పులు వెతుక్కున్నారు.

ఇంటికెళ్ళేసరికి కబురు ముందే చేరింది. ఆరో తరగతి చదివే మనవరాలు బిందుప్రియ గుమ్మంలోనే పట్టుకుంది. "సచ్చీ తాతా? ఇంగ్లీష్ క్లాస్ నువ్వే చెప్తావా? నా ఫ్రెండ్స్ అందరూ వస్తారు!"

అసలు చిక్కు ఇక్కడుంది. మిల్లుకొచ్చిన బయటిదేశం ఇంజనీర్లతో తాను ఇంగ్లీషులో మాట్లాడేవాణ్ణని ఆ పిల్లకి ఊహ తెలిసినప్పట్నుంచీ ఆయన కథలు చెబుతున్నారు. మాట్లాడిన మాట నిజమే. ఆ మాట 'ఓకే'. క్లాసు చెడితే చెడింది, సంఘం నవ్వితే నవ్వింది, మనవరాలి కళ్ళలో ఆ ఇంజనీర్ల ముందు నిలబడ్డ తాత మాత్రం కూలిపోకూడదు.

కొడుకు మధుబాబు డ్యూటీకి బయల్దేరుతూ గురువయ్యాడు. "బ్రేక్ అంటే బండిని ఆపేది నాన్నా. బ్రేక్ అంటే విరిగిపోవడం కూడా. వెయిట్ అంటే బరువు. ఇంకో వెయిట్ ఉంది, అంటే ఆగడం."

"మరి క్రేను బ్రేకు బ్రేకయిపోతే?"

"వెయిట్ చెయ్యాలి."

"ఎంత వెయిటు?"

మధుబాబు హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సింహాద్రి గారు పాత క్యాలెండరు కాగితం వెనక అన్నీ తెలుగులో రాసుకున్నారు. బ్రేక్, బ్రేక్. వెయిట్, వెయిట్. మీట్, మీట్. మర్నాడు చూసుకుంటే ఏ వైపు బ్రేకు ఆపుతుందో, ఏ వైపుది విరుగుతుందో అంతు చిక్కలేదు. గున్నమ్మ తొంగిచూసి, "ఒక్కో మాటా రెండేసిసార్లు రాసేరేటి? మతిమరుపా?" అంది.

ఆదివారం హాలు నిండా పిల్లలు. ముందు వరసలో బిందుప్రియ. ఆయన కాగితం విప్పి గొంతు సవరించుకున్నారు.

"వెయిట్" అన్నారు. "వెయిట్!" అన్నారు పిల్లలు. "వెయిట్" అన్నారు మళ్ళీ. "వెయిట్!" అన్నారు మళ్ళీ.

"దాదాజీ, దోనో సేమ్ హై!" రెండూ ఒకటేనని తేల్చింది బిందుప్రియ స్నేహితురాలు హేమశ్రీ.

"దోనో సేమ్ హై!" అన్నారు సింహాద్రి గారు, నోరు ఊరుకోక.

"దోనో సేమ్ హై!" అని హాలు దద్దరిల్లింది.

బిందుప్రియ చెయ్యెత్తి, "తాతా, బోర్డు మీద రాసి చూపించు" అంది. ఆయన సుద్దముక్క తీసుకుని, కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించారు. తెలుగులోనే.

పిల్లలు తలలు అటూ ఇటూ వంచి చూశారు. ఆ పిల్లలంతా భిలాయిలో పుట్టినవాళ్ళు. ఇంట్లో హిందీ కలిపిన తెలుగు మాట్లాడతారు గానీ అక్షరం ఒక్కరికీ రాదు.

"యే క్యా హై? జిలేబీ?" అంది హేమశ్రీ.

"జిలేబీ కాదమ్మా, 'వ'. దాని మీద ఇలా కొడితే 'వె'."

ఆ తర్వాత ఏం జరిగిందో ఆయనకి సరిగా తెలీదు. పిల్లలు ఎగబడి బోర్డంతా 'వె'లు నింపారు, తమ పేర్లు రాయించుకున్నారు, సుద్దముక్క కోసం కొట్టుకున్నారు. చివర్లో రామమోహనరావు గారు సమోసాలు పంచుతూ భుజం తట్టారు. "తెలుగు క్లాసు పెడితే ఒక్క పిల్లా రాదు. ఇంగ్లీషని పిలిచి తెలుగు నేర్పీసేవు. ఏం బుర్ర సింహాద్రీ!"

అది మెప్పో వెటకారమో సింహాద్రి గారికి తేలలేదు. తాను చెప్పింది ఏ క్లాసో కూడా తేలలేదు. స్కూటరు మీద తిరిగొస్తూ, ఉండబట్టలేక వెనక్కి తల తిప్పి అడిగారు.

"బిందూ, నా ఇంగ్లీషు ఎలాగుందే?"

"నీకు ఇంగ్లీష్ రాదని నాకెప్పుడో తెలుసు తాతా" అంది బిందుప్రియ, సమోసా నములుతూ. గొంతులో కోపం లేదు, జాలీ లేదు.

"మరి మీ వాళ్ళంతా నేర్చుకోడానికేగా వచ్చేరు?"

"నేర్చుకోడానికి ఏముంది? ఆ వర్డ్స్ మాకు సెకండ్ క్లాసులోనే అయిపోయాయి. నువ్వు చెప్తున్నావని వచ్చారంతే."