మందు కొట్టని ఆరు సాళ్లు

ఆ రోజు పొద్దున మబ్బు పట్టింది గానీ చినుకు లేదు. గాలి కూడా లేదు. పత్తికి దోమ మందు కొట్టడానికి అంతకన్నా మంచి రోజు దొరకదు. రెండో పంపు కలుపుతుంటే హనుమాన్ జంక్షన్ నుంచి ఫోన్ వచ్చింది. మా హైస్కూలు సైన్సు మాస్టారు తెల్లవారుజామున పోయారు. చెప్పింది ఆయన భార్య. కలిపిన మందు నిలవ ఉండదు కాబట్టి ఆ పంపు కొట్టేసి, స్నానం చేసి బయల్దేరాను.

మాది కాలవ నీళ్లు ఎక్కని మెరక. తొంభైల్లో ఊరంతా పత్తే. పదో తరగతిలో పరిణామం పాఠం వచ్చిన రోజు మాస్టారు పుస్తకం మూసి, మా చేలల్లోంచి పచ్చపురుగులు ఏరుకు రమ్మన్నారు. వాటిని పచ్చడి సీసాల్లో వేసి, మందులో ముంచిన ఆకులు పెట్టారు. మర్నాడు బతికినవాటిని లెక్కపెట్టించారు. ఏటా పదో తరగతికి ఇదే పని. ఆ లెక్క బీరువా తలుపు లోపల సుద్దతో రాసేవారు. ఏటికేడు అంకె పెరిగింది.

"పురుక్కి మందు అలవాటైపోయిందండీ, మా బాబాయికి బ్రాందీ అలవాటైనట్టు," అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వారు.

"మీ బాబాయి అలవాటు పడ్డాడు. ఏ పురుగూ అలవాటు పడలేదురా. తట్టుకోలేనివి చచ్చాయి. పుట్టుకతోనే తట్టుకునేవి ఏవో నాలుగు మిగిలాయి. ఇప్పుడు మీ చేలో ఉన్నవి వాటి పిల్లలు."

మా చేను పక్కనే ఆయనకి ఎకరం ఉండేది. అందులో ఆరు సాళ్లకి మందు కొట్టేవారు కాదు.

"ఏమండీ మాస్టారూ, పురుగుల్ని సాకుతున్నారా?" అనేవాడు మా నాన్న.

"సాకుతున్నానండీ. మందుకి చచ్చే జాతి కొంచెం మిగలాలి. చావనివాటికి చావనివే జోడీ అయితే ఇక ఏ మందు కొట్టి ఏం లాభం? మీరూ నాలుగు సాళ్లు వదలండి."

"మీకు నెల తిరిగేసరికి జీతం వస్తదండీ. మాకు ఈ చేనే."

అదీ నిజమే. 

నేను ఇంటర్ అయిన ఏడు పురుగు కాయ మిగల్చలేదు. నాన్న మూడు మందులు ఒకే పంపులో కలిపాడు. "మాస్టారు స్కూల్లో ఉంటాడు. ఆ ఆరు సాళ్లు కూడా కొట్టేసి రా," అన్నాడు. అవి ఎందుకు వదిలారో ఊళ్లో అందరికన్నా నాకే బాగా తెలుసు. కొట్టాను.

సాయంత్రం మాస్టారు వచ్చి ఆకు తుంచి వాసన చూశారు. "ఎన్ని కలిపారు?"

"మూడండీ."

"అయితే మూడిటికీ చావనిది తయారవుద్ది." ఎవరు కొట్టమన్నారని అడగలేదు. తరువాతి ఏడు ఆయన సాళ్లు వదల్లేదు. ఆ ఏడు కూడా కాయ నిలవక, మేం సంక్రాంతి లోపలే మోళ్లు పీకేశాం. ఆరు సాళ్లు వదిలితే పంట నిలిచేదని నేను అనను. పదిమందీ వదిలితే ఏమయ్యేదో మాత్రం ఇక తెలియదు.

ఆయన రిటైరై, ఎకరం అమ్మి జంక్షన్‌కి మారారు. ఆకు తింటే పురుగే చచ్చే కొత్త పత్తి విత్తనం వచ్చింది, పురుగు ఆగింది. ఆ విత్తనం డబ్బాతో పాటు మామూలు విత్తనం చిన్న పాకెట్ ఇస్తారు, చేను చుట్టూ వెయ్యమని. ఎవరూ వెయ్యరు. గట్టు మీద పారేస్తాం. విత్తే రోజుల్లో మాస్టారు బస్సులో వచ్చి ఆ పాకెట్లు ఏరుకునేవారు.

"ఇవెందుకిస్తారో తెలుసుగా నీకు?"

"తెలుసండీ."

"తెలిసీ?"

నేను పని చేసుకుంటూ ఉండేవాణ్ణి. ఆయన సంచీలో వేసుకుని వెళ్లేవారు. వెయ్యడానికి ఆయనకప్పటికి సెంటు భూమి లేదు. ఈ ఏడు రాలేదు. వస్తారని నా పాకెట్ పాక చూరులో దోపి ఉంచాను. వెయ్యలేదు.

వాళ్లింట్లో మాస్టారి భార్య అలమర తీసి చూపించారు. పాకెట్లు ఏ ఏటివి ఆ ఏటికి దారంతో కట్టి ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు.

"ఇవి పనికొస్తాయా బాబూ?"

"పాతబడ్డాయండీ. మొలవవు."

మూడింటికి పాస్టరుగారి ప్రార్థన అయింది. నాలుగింటికి మాస్టారిని సమాధుల తోటకి తీసుకెళ్లారు. ఐదున్నర బస్సుకి నేను వచ్చేశాను.