చిన్నతాయి పొయ్యి వెలిగించని రోజు

మా పెద్దమ్మ చిన్నతాయి మొక్కుకునేది కళుగుమలై మురుగన్‌కి, వండేది కోవిల్‌పట్టి శివార్లలోని చిన్న చర్చికి. ఏటా అక్కడ అసనం జరుగుతుంది, అంటే సంఘమంతా వరుసల్లో కూర్చుని తినే విందు. ఆ రోజు సాంబారు మా పెద్దమ్మదే. అందులో ఉప్పు గురించి నోరెత్తే ధైర్యం ఎవరికీ లేదు. ఒకసారి మా పెదనాన్న ఎత్తి, వారంపాటు హోటల్లో తిన్నాడు.

ఉల్లిపాయలు తరిగేది నేనూ, మా వీధిలో ఉండే యువరాణి అనే అమ్మాయీ. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తూ చర్చిలో పాటలు పాడే పిల్ల. ఈసారి అసనానికి రానని ముందే కబురు చేసింది. చర్చికే రావడం మానేసిందని విని పెద్దమ్మా నేనూ వాళ్లింటికి వెళ్లాం. అప్పుడు తెలిసింది. పాటల సాధన అయ్యాక చర్చి కమిటీ పెద్ద పాండియరాజన్ ఆమెను గదిలో ఆపి బలవంతం చేయబోయాడట. తోసేసి బయటపడింది. కమిటీకి చెప్పుకుంటే, క్షమించి ప్రార్థన చేసుకోమన్నారట, చర్చి పరువు తీయవద్దన్నారట. అతను మాత్రం ముందు వరుసలోనే కూర్చుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీకేమి కావాలమ్మా?" అని అడిగింది పెద్దమ్మ.

"నేను అబద్దం చెప్పలేదని అందరి ముందర చెప్పాల అత్తా. పోలీసుకు పోవాల. తోడు ఎవురూ రావడంలే."

అసనం రోజు పొయ్యి వెలిగించేది వంటమనిషి, మొదటి గరిటె పడేది కమిటీ పెద్ద ఆకులో. అది అక్కడి ఆనవాయితీ. ఆ రోజు పెద్దమ్మ పొయ్యి వెలిగించకుండా గంగాళం బోర్లించి దానిమీద కూర్చుంది. ఈసారి చీర పెట్టలేదని అలిగిందనుకున్నారు కమిటీ వాళ్లు. పరుగున వెళ్లి పట్టుచీర తెచ్చారు. రంగు నచ్చలేదేమోనని ఇంకోటి తెచ్చారు. నాకు నవ్వు ఆగలేదు.

చివరికి పాస్టరు గోవిందరాజ్ వచ్చాడు. ఆయనదీ మాలాగే తెలుగు ఇల్లే, విరుదునగర్‌లో.

"ఏమి అక్కా, జనం ఆకలిగా ఉండారు."

"ఉండనీ అయ్యా. ఆ పాండియరాజన్ ఆకులో మొదటి గరిటె నేను పోయను. యువరాణికి ఏమి జవాబు చెప్తిరి?"

"అది మాట్లాడి ముగించినాం కదా."

"క్షమించమని ఆ పిల్లకు చెప్తిరి. ఆయప్పకు ఏమి చెప్తిరి?"

పాస్టరు గంగాళం పక్కనే నేలమీద కూర్చున్నాడు. "ఏమీ చెప్పలే అక్కా," అన్నాడు. ఆ మాటతో ఆయన మీద నా కోపం సగం దిగింది.

ఆయనే ఆటో పిలిచి, యువరాణి ఇంటికెళ్లి, ఆమెనూ వాళ్లమ్మనూ మహిళా పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాడు. ఫిర్యాదు ఇచ్చేదాకా పక్కనే ఉన్నాడు. వాళ్లతోనే తిరిగొచ్చి మైకు పట్టుకుని, యువరాణి చెప్పింది నిజమని, ఆమె నోరు నొక్కింది తామేనని, తప్పు తమదని అరవంలో చెప్పాడు. పాండియరాజన్‌ను పదవి నుంచి తప్పించామన్నాడు. అప్పుడు పెద్దమ్మ లేచి పొయ్యి వెలిగించింది. కొందరు పెద్దలు మొహం మాడ్చుకుని లేచిపోయారు. సాంబారు మాకు ఎక్కువ మిగిలింది, మంచిదే.

మధ్యాహ్నం తినాల్సిన విందు పొద్దుగూకే వేళకు తిన్నాం. మొదటి గరిటె యువరాణి ఆకులో పడింది. ఆమె కలుపుకుని ఒక ముద్ద తిని తలెత్తింది.

"అత్తా, ఉప్పు చాలలే."

నా చేతిలో నీళ్ల చెంబు అలాగే ఆగిపోయింది. పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చింది.