నా నెత్తిమీది దూది

పొద్దున ఫోన్ ఊరికే ఆగిపోతోందని, కాస్త చూడమని మా అక్క కొడుకు చేతికిచ్చాను. ఫోన్ బాగుచేశాడో లేదో గానీ, ఎవరూ అడగకుండానే నా ప్రొఫైల్ ఫోటోను బాగుచేసి పెట్టాడు!

"నెత్తినిండ తెల్ల మచ్చలుండె మామా, అన్ని సాఫ్ చేసిన. ఇప్పుడు హీరో లెక్క ఉన్నవ్."

"అవి మచ్చలు గావురా, దూది!"

తొంభైల్లో, సోలాపూర్ నీలం నగర్‌లో, షిఫ్టు దిగి మరమగ్గాల (మా మాటలో సాంచాల) షెడ్డులోంచి బయటికొస్తున్నప్పటి ఫోటో అది. నేను కొన్న మొదటి కెమెరాతో మా నాయిన తీశాడు. నేను తల దులుపుకోబోతే, "ఉండనియ్‌రా, సాంచాలు నడిపే పోరడని తెల్వాలె" అన్నాడు. తర్వాత నేను ఫోటోగ్రాఫర్‌నై పేటలో అందరి ఫోటోలూ తీశాను. నాయిన తీసిన ఫోటో మాత్రం అదొక్కటే.

సాయంత్రం ఆ 'హీరో'ను అక్కకు చూపించాను. కళ్లద్దాలు సవరించుకుని చూసి, "ఎవలురా ఈ పిలగాడు?" అంది.

పాత ఫోటో మళ్లీ పెట్టేశాను. మీ ఫోటోల్లో తుడవకూడనివి ఏమున్నాయో చెప్పండి, వింటాను. నా దూది జోలికి మాత్రం రాకండి.