పులుసు తొణకని బండి

మా పికప్పును కిందికి దించాలన్న ఆలోచన నాదేనని మా ఆయన ఇప్పటికీ ఊరంతా చెబుతాడు. నేనన్నది ఒకటే మాట. ఈ బండి ఎక్కాలంటే మీ అమ్మకు నిచ్చెన కావాలి అన్నాను. నిచ్చెన తెమ్మంటే మనిషి బండినే కుంగదీసుకొచ్చాడు. అందులో నా తప్పేముందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

అది మా మామ వేరుశనగ పండించే కాలంలో కొన్న పాత పికప్పు. గుండ్రటి దీపాలు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, ముందు చిన్న క్యాబిను, వెనక చెక్కల తొట్టి. పావగడలో ఎక్కడ ఆపినా కాలేజీ పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్ళు. మా మామ ఏమీ పట్టనట్టు దూరంగా నిలబడి మీసం సర్దుకునేవాడు. చేలు సోలార్ పార్కుకు గుత్తకిచ్చాక ఆ బండికి మూటల పని లేకుండా పోయింది.

మా అత్తకు కూడా. మామకు అరుగూ పేకముక్కలూ దొరికాయి గానీ ఆమెకు ఏదీ దొరకలేదు. పొద్దు పొడవకముందే చేనికి పోయే అలవాటున్న మనిషి. లేచి వాకిలి ఊడ్చేది, ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్చేది, ఇక ఊడ్చడానికి ఏమీ మిగలక నా మీద పడేది. నేను బియ్యం కడిగితే ఒక తప్పు, కడగకపోతే ఇంకో తప్పు. నేనూ ఊరుకునే రకం కాదు. మా ఇంట్లో గొడవ వినబడని రోజున పక్కింటివాళ్ళు ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగి పోయేవాళ్ళు.

అలాంటి రోజుల్లో, క్యాతగానచెర్లు వైపు సోలార్ పార్కులో ప్యానెళ్ళు కడిగేవాళ్ళూ గడ్డి కోసేవాళ్ళూ మధ్యాహ్నం చల్లారిన అన్నం తింటున్నారని ఎవరో చెప్పారు. మరుసటి రోజే మా అత్త పెద్ద డబరా నిండా పులుసు కాచి, రాగి సంగటి ముద్దలు చేయించి, ఊరిబిండి పచ్చడి నూరి, బండి తీయమని కొడుకును నిలబెట్టింది. అంతే, అదే మా పని అయిపోయింది. ఆ కూలీలు ఆమెను అవ్వా అని పిలిచేవాళ్ళు. ఎవరి కడుపుకు ఎంత ముద్ద పడుతుందో, ఎవరికి కారం పడదో, ఎవరి బిడ్డకు జ్వరమో అన్నీ ఆమెకు తెలుసు. ఇంట్లో నాతో పోట్లాడటానికి కూడా తీరిక లేకుండా పోయింది. ఆ మార్పు చూసి నేను దేవుడికి దండం పెట్టుకున్న మాట నిజం.

ఒక్కటే చిక్కు. తొట్టి ఎత్తు. మోకాళ్ళ నొప్పులతో ఆమె ఎక్కడం, దిగడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. అందుకే నిచ్చెన మాటన్నాను. మా ఆయన పావగడలో తనకు తెలిసిన షెడ్డుకు తీసుకుపోయి, వెనక ఇనప పట్టీల కమాన్ కట్టల కింద ఇరుసుగా ఉండే యాక్సిల్‌ను కట్టల పైకి మార్పించి, ముందు కూడా దానికి తగ్గట్టు దించి, నేలకు దగ్గరైన బండితో ఇంటికొచ్చాడు. అత్త అరుగు ఎక్కినంత సులువుగా తొట్టిలోకి ఎక్కి కూర్చుంది. ఆ పూటకు కొడుకంత తెలివైనవాడు తాలూకాలోనే లేడు.

ఊరు దాటగానే మొదటి స్పీడ్ హంపు వచ్చింది. బండి వెనకభాగం ఎగిరి పడింది. పులుసు డబరాలోంచి లేచి మళ్ళీ డబరాలోకి రాలేదు. అత్త నడుము పట్టుకుని కూర్చుండిపోయింది. ఆ తర్వాత ప్రతి గుంతలోనూ అదే వరస. ముందు క్యాబిన్‌లో కూర్చోమంటే, పులుసును ఎవరు చూసుకుంటారని అడిగింది. సరే, ఒకరోజు ఆ స్థానం నాకిచ్చింది. అక్కడికి చేరేసరికి సగం పులుసు నా చీర తాగింది. ఇక నన్ను నమ్మలేదు. నడుము నొప్పి ముదిరి పావగడ డాక్టరు దగ్గరికి పోతే, ఈ కుదుపులు ఇలాగే ఉంటే ఇంటిపట్టున పడుకోవలసిందే అన్నాడు. నాకు నిజంగా భయం వేసింది. ఆమె మళ్ళీ ఆ వాకిలి ఊడ్చుకుంటూ కూర్చునే రోజులు నేను చూడలేను. బండిని తిరిగి పైకి లేపితే కుదుపు తగ్గుతుంది గానీ ఆమె ఎక్కలేదు. దించిన బండే మెత్తగా పోవాలి. ఎలా?

దీనికి ఊళ్ళో అందరి దగ్గరా ఒకటే మందు. వేరుశనగ తోలిన ఊరు కదా. ఖాళీ బండి ఎగురుతుంది, నిండా మూటలు వేస్తే ఊయలలా పోతుంది, ఇది మా వాళ్ళకు పాలతో వచ్చిన జ్ఞానం. మూటలు లేవు కాబట్టి మా మామ గోతాల్లో ఇసుక నింపించి తొట్టిలో వేయించాడు. దెబ్బలు ఎక్కువయ్యాయి. అయితే బరువు చాలలేదన్నమాట అని ఇంకొన్ని వేయించాడు. దారిన పోయేవాళ్ళు కూడా నిలబడి ఇంకొకటి వెయ్యప్పా అని సలహా ఇచ్చి పోయారు. చివరికి బండి మట్టి ఈడ్చుకుంటూ నడిచింది, ప్రతి గుంతలో ధడేలుమంది. ఇసుక దించేసి, మా ఆయన కట్టలోంచి ఒక పట్టీ తీయించాడు. కట్ట మెత్తబడింది, దెబ్బ మాత్రం ఇంకా గట్టిగా తగిలింది. తండ్రీ కొడుకులు ఒకరినొకరు తప్పుపట్టుకోవడం మొదలుపెట్టారు. నేను ఇద్దరినీ తప్పుపట్టాను.

ఇంతలో ఆయుధ పూజ వచ్చింది. మా అత్త పూజ సంగతి వేరే చెప్పాలి. అందరూ బండి ముఖానికి బొట్టు పెడతారు. ఈమెకు అది చాలదు, బరువు మోసేది వెనకభాగం కదా, దానికెందుకు పెట్టరు అంటుంది. కొడుకును బండి కిందికి దూరమని యాక్సిల్‌కు కూడా పసుపు పూయించి కుంకుమ పెట్టించింది. నిమ్మకాయలు తొక్కించి, బండిని మంగళవాడ దాకా తిప్పుకొచ్చారు. సాయంత్రం పూజ చెంబు ఒకటి బండి కిందికి దొర్లిపోతే దానికోసం నేను వంగాను. యాక్సిల్‌కు పైన, ఛాసిస్‌కు బిగించిన రబ్బరు ముక్క పసుపుతో పచ్చగా ఉంది. మధ్యలో ఎర్రగా కుంకుమ. దానికెవరు పెట్టారు బొట్టు అని అడిగాను. ఎవరూ పెట్టలేదన్నారు.

మా ఆయన కింద పడుకుని చాలాసేపు చూశాడు. బయటికొచ్చి తలకు పట్టిన మన్ను కూడా దులుపుకోకుండా నవ్వాడు. యాక్సిల్ బొట్టే పోయి రబ్బరుకు అంటుకుంది. కట్టలో తప్పేమీ లేదు. బండి దిగేసరికి యాక్సిల్ లేవడానికి పైన జాగా లేకుండా పోయింది. చిన్న గుంతకే పోయి ఛాసిస్‌ను గుద్దుతోంది. మేం బరువు వేసిన కొద్దీ ఆ కాస్త జాగా కూడా తినేశాం. తెల్లారి షెడ్డులో చూస్తే పాత షాకబ్జర్లు కూడా ఈ ఎత్తుకు పొడుగైపోయి, ముడుచుకోవడానికి చోటు లేక నిలబడిపోయి ఉన్నాయి. పొట్టివి వేయాలి, రబ్బరు సగానికి కోయాలి, యాక్సిల్‌కు నేరుగా పైన ఛాసిస్‌లో అర్ధచంద్రంలా కోత పెట్టి, బలం తగ్గకుండా మందపాటి ఇనప పలక అతికించాలి అన్నారు షెడ్డువాళ్ళు.

కోత అనగానే మా మామ అడ్డం తిరిగాడు. షాకబ్జర్లు మార్చుకోండి, రబ్బరు పారేసుకోండి, ఛాసిస్ మీద చెయ్యి వేస్తే ఊరుకోనన్నాడు. భోజనం దగ్గర కూడా అదే మాట.

"అది దాని నడుముప్పా. నడుమును ఎవురన్నా కోస్తారా?" అన్నాడు కొడుకుతో.

మా అత్త ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది.

"దాని నడుమైతే నీకు కనపడ్తాది. నాది?" అంది.

గొంతు కూడా పెంచలేదు. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. మామ చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పొద్దున చూస్తే బండీ లేదు, ఆయనా లేడు. షెడ్డు తలుపు తీయకముందే పోయి కూర్చున్నాడట. కోత కోస్తున్నంతసేపూ పక్కనే నిలబడి, పలకను మూడు వైపులా కాదు, చుట్టూ అతికించమని వెల్డింగు ఆయన ప్రాణం తీశాడట. తీసేసిన పట్టీని తిరిగి పెట్టించి, పట్టీల మధ్య గ్రీజు పట్టించి, సాయంత్రానికి తానే నడుపుకుంటూ వచ్చాడు. బండి దిగి మీసం సర్దుకున్నాడు.

మర్నాడు నేనూ తొట్టిలోనే కూర్చున్నాను. అత్త డబరాను రెండు కాళ్ళ మధ్య ఇరికించుకుని, అంచు గట్టిగా పట్టుకుని, హంపు రాకముందే కళ్ళు మూసుకుంది. వెనకభాగం మెల్లగా లేచి మెల్లగా కూర్చుంది. పులుసు ఒక పక్కకు ఒరిగి, అంచుదాకా వచ్చి, వెనక్కి పోయింది. ఆమె ఒక కన్ను తెరిచి డబరాలోకి చూసింది, తర్వాత నన్ను చూసింది. ఇద్దరం నవ్వాపుకోలేకపోయాం. క్యాతగానచెర్లు చేరేలోపల ఆమె డబరా వదిలేసి, ప్యానెళ్ళ వరసల మధ్య కనబడినవాళ్ళందరికీ చెయ్యి ఊపుతూ, ఈ రోజు పులుసు నిండా ఉండాది రండి అని పిలుస్తూ పోయింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పులుసు కారం అని సర్దుకున్నాను.

తిరిగొచ్చి ఇంటిముందు బండి ఆపాక ఖాళీ డబరాలు నేనే దించాను. ఆమె దిగలేదు. తొట్టి వెనక చెక్క మీద కూర్చుని కాళ్ళు ఆడిస్తోంది. మామ అరుగు మీంచి లేచొచ్చి, బండిని చూస్తున్నట్టు చూస్తూ, నడుము ఎట్లుండాది అని అడిగాడు.

"యాడుండాదో మర్చిపోయినా," అంది. తర్వాత నావైపు తిరిగి, "మే, ఆ పక్క గేటుకాడ ఇంగా కొందరుండారంట. ఎవురూ వండి పెట్టేవాళ్ళు లేరంట. రేపట్నుంచి వాళ్ళకూ ఎత్తుకుపోవల్ల."

సంగటి కెలికేది నేను. ఇప్పటికే నా రెక్కలు పడిపోతున్నాయి. ఆ మాటే అనబోయి, ఆడుతున్న ఆ కాళ్ళను చూసి, లోపలికి పోయి రాగుల మూట విప్పాను.